తమ్ముడికిచ్చిన మూలుగ

మా తమ్ముడు కంచంలో సగం అన్నం వదిలేసి లేవడం మొదలుపెట్టినప్పుడు, కూర నచ్చలేదేమో అనుకుంది అమ్మ. రెండు రోజులు పప్పు చేసింది, మూడో రోజు కోడిగుడ్డు పులుసు పెట్టింది. వాడు మళ్ళీ సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

"రెండు ముద్దలకే కడుపు నిండినట్టయితున్నదమ్మా" అన్నాడు.

అప్పుడు వాడికి ఇరవై నాలుగేళ్ళు, నాకు ఇరవై ఏడు. మాది కొత్తగూడ. అప్పటికింకా ఊరే అది. ఊరవతల జొన్నచేలు, ద్రాక్షతోటలు, వాటి మధ్య ఎవరెవరో కొని కంచె వేసుకున్న జాగాలు ఉండేవి. మాదాపూర్ వైపు బండలు పేల్చిన చప్పుడు వినబడగానే అమ్మ అరలో గిన్నెలను గోడవైపు జరిపేది. ఆ బండలు తీసిన చోటే గుండ్రంగా ఒక పెద్ద భవనం లేస్తోంది. తమ్ముడు అందులో వైర్‌మన్. నాయిన బాలానగర్‌లో ఒక కార్ఖానాలో ఫిట్టరు.

నేను మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో పనిచేసేదాన్ని. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక, చూసిందంతా చెప్పి రికార్డు చేస్తారు. ఆ రికార్డింగులు మాకొచ్చేవి. చెవులకు హెడ్‌ఫోను, కాలికింద ఒక పెడలు. పెడలు నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. విన్నది విన్నట్టు కొట్టాలి. నాకిచ్చిన డాక్టరు రక్తం జబ్బుల ఆయన. బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ అన్న మాట ఆయన నోటి వెంట రోజుకు ఎన్నిసార్లు వచ్చేదో. దాని స్పెల్లింగు నిద్రలో అడిగినా చెప్పేదాన్ని. అది మనిషికి ఎలా చేస్తారో మాత్రం నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు.

తమ్ముడికి ఎడమ డొక్కలో బరువు మొదలైంది. ప్యాంటు తొడల దగ్గర వదులైంది, పొట్ట దగ్గర మాత్రం బిగిసింది. సైటు మీద వాళ్ళు గ్యాస్ అని సోడాలు తాగించారు. కూకట్‌పల్లిలో ఒక డాక్టరు పొట్ట నొక్కి చూసి, ప్లీహం బాగా పెరిగిందని చెప్పి రక్త పరీక్షకు రాశాడు. ల్యాబు అతను రెండోసారి రక్తం అడిగాడు. "మిషన్ల ఏదో గడబిడ ఉన్నట్టుంది, మల్లొకసారి చూస్త" అన్నాడు. మిషన్‌లో గడబిడ ఏమీ లేదు. తెల్లకణాలే ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లున్నాయి.

ఆ పైన చేసిన పరీక్షల రిపోర్టు తేవడానికి నేనే వెళ్ళాను. కౌంటరు దగ్గరే నిలబడి విప్పాను. క్రానిక్ మైలాయిడ్ ల్యుకీమియా అని ఉంది. మధ్య మాటలో ఒక అక్షరం తప్పు పడింది. నా కన్ను ముందు ఆ తప్పు మీదే పడింది. ఆ తర్వాత పైన రాసి ఉన్న పేరు చదివాను. మా వాడి పేరే.

*

మేము చూపించుకున్న పెద్దాసుపత్రిలో డాక్టరు ఒకావిడ. గుంటూరు వైపు మాట. తొందరపడేది కాదు. నాయిన్ని ఏం పని చేస్తారని అడిగింది.

"ఫిట్టర్ని మేడం."

"అయితే మీకు తేలిగ్గా అర్థమవుతుందండి. ఎముకల లోపల మూలుగ ఉంటుంది కదా, రక్తం తయారయ్యే కార్ఖానా అదే. మీ అబ్బాయి కార్ఖానాలో ఒక మిషను చెడిపోయి, ఆపకుండా పనికిరాని సరుకు తీస్తోంది. మేమిచ్చే మాత్రలు ఆ సరుకును తగ్గిస్తాయి గానీ మిషన్ను బాగుచెయ్యవు. ఎప్పుడో ఒకరోజు అది పూర్తిగా అదుపు తప్పుతుంది. బాగుచెయ్యాలంటే పాత మిషన్లన్నీ తీసేసి, ఇంకొకరి దగ్గర్నుంచి తెచ్చిన మంచివి పెట్టాలి. ట్రాన్స్‌ప్లాంట్ అంటే అదేనండి."

నాయిన కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "పాతయి తీసినంక కొత్తయి నడిచేదాక షాపు బందే గద మేడం. గన్ని దినాలు మనిషి ఎట్ల ఉంటడు?"

"అదేనండి కష్టమైన భాగం" అందావిడ. "ఎక్కించిన రక్తంతో, మందులతో కాపాడుకుంటూ రావాలి. ఆ రోజుల్లో చిన్న జలుబు కూడా ఆయనకు పెద్ద జబ్బే."

ఇంటికొచ్చాక అమ్మకు నేను చెప్పాల్సి వచ్చింది. మూలుగ అంటే ఏందని అడిగింది. నల్లిబొక్కలో ఉంటుంది చూడు, పిల్లలు చప్పరించేది, అదే అన్నాను. అమ్మ ముఖం మాడిపోయింది. ఆ తర్వాత చాలా కాలం మా ఇంట్లో మాంసం వండలేదు.

తరువాతి సారి ఆస్పత్రికి అమ్మ కూడా వచ్చింది. కుర్చీలో కూర్చోకుండానే, "నేను కన్న బిడ్డ. నాది తీసి పెట్టున్రి" అంది.

"మీది సగమే కలుస్తుందమ్మా" అంది డాక్టరు. "బిడ్డకు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. అక్కకు పడిన సగాలే తమ్ముడికీ పడి ఉంటే పూర్తిగా కలుస్తుంది. తోడబుట్టినవాళ్ళు నలుగురుంటే ఒకరికి అలా కలిసే అవకాశం ఉంటుంది."

"నాకు వీళ్ళిద్దరేనాయె" అంది అమ్మ. ఇద్దరినే కని తప్పు చేసినట్టు తలొంచుకుంది.

మా ఇద్దరి రక్తం తీసి వేరే ఊరి ల్యాబుకు పంపారు. మూడు వారాలు పట్టింది. నాది కలిసింది.

అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ రోజునుంచి నా చేత నీళ్ళ బిందె ఎత్తనివ్వలేదు. నాకు రెండు గుడ్లు, తమ్ముడికి ఒకటి. వాడు నవ్వేవాడు. "నిన్నిగ ఏమనొద్దక్కా. నా స్పేర్ పార్టువి నువ్వు."

*

చేయించుకోవాలా వద్దా అన్నది వాడే తేల్చుకోవాలని డాక్టరు చెప్పింది. ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరం మా ఊరి వెనక గుట్టమీద కూర్చున్నాం. దూరంగా ఆ గుండ్రటి భవనం కనిపిస్తోంది. ఏ అంతస్తులో లైట్లు తను వేశాడో వేలితో చూపించాడు. మాత్రలు వేసుకుంటున్నాడు కాబట్టి ప్లీహం తగ్గింది, అన్నం తింటున్నాడు. చూసినవాళ్ళెవరూ జబ్బు మనిషి అనుకోరు.

"డాక్టరమ్మ రెండు తొవ్వలు చెప్పింది" అన్నాడు. "గోలీలేసుకుంటుంటే మూడు నాలుగేండ్లు మంచిగనే ఉంటనట. అటెనుక ఎప్పుడు తిరగబడ్తదో తెల్వదట. ఇది చేయించుకుంటే జబ్బు మొత్తం పోవచ్చట. లేకుంటే దీంట్లనే పోవచ్చట. ఆలస్యం చేస్తే ఇది గూడ సరిగ పనిచెయ్యదట."

నా వైపు తిరిగాడు.

"నువ్వు రోజు గవే టైపు చేస్తవు గదక్కా. ఏమైతది వాళ్ళకు?"

"మంచిగైతరు" అన్నాను. "నేను టైపు చేసినోళ్ళందరు మంచిగనే ఉన్నరు."

అది అబద్ధం కాదు. ఒకాయన మళ్ళీ చేపలు పట్టడానికి వెళుతున్నాడు. ఒకామె బడికి వెళ్ళి పాఠాలు చెబుతోంది. నాకొచ్చే రికార్డింగులన్నీ ఆరు నెలలకో ఏడాదికో డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళవి. చనిపోయినవాళ్ళు చూపించుకోవడానికి రారు కదా. ఆ చిన్న సంగతి ఆ గుట్టమీద నాకు తట్టలేదు. తట్టిన నాటికి వాడు గాజు గోడకు అవతల ఉన్నాడు.

"అయితే చేయించుకుంట" అని లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "దినాలు లెక్కపెట్టుకుంట బతుకుడు నాతోని కాదు."

ఖర్చుకు నాయిన చెరువు కింద ఉన్న మా మడి అమ్మేశాడు. ఇంట్లో దాని మాట ఎవరూ ఎత్తలేదు.

*

వాడి గదికి రెండు తలుపులు, ఒక గోడకు పెద్ద అద్దం. మేము అద్దానికి ఇవతల నిలబడి ఫోన్లో మాట్లాడాలి. లోపలికి వెళ్ళే నర్సులు టోపీ, మాస్కు, గౌను వేసుకునేవాళ్ళు. వాడికి మరగబెట్టిన నీళ్ళు, మళ్ళీ మళ్ళీ ఉడికించిన అన్నం. పచ్చి కాయ, పండు, పువ్వు ఏదీ లోపలికి పోకూడదు.

మొదటి నాలుగు రోజులు ఆరేసి గంటలకోసారి గుప్పెడు మాత్రలు మింగించారు. ఆ తర్వాత ఇంకో మందు సెలైన్లో ఎక్కించారు. పాత మూలుగను పూర్తిగా చంపేసే మందులవి. మొదలుపెట్టే ముందు డాక్టరు నన్ను పక్కకు పిలిచింది.

"ఈ మందు లోపలికి వెళ్ళాక వెనక్కి రావడానికి లేదండి. ఇక ఆయన సొంత రక్తం ఊరదు. మీ దగ్గర్నుంచి రావాల్సిందే. ఈ వారం రోజులూ మీరు జాగ్రత్తగా ఉండాలి. జ్వరం రాకూడదు, ఎక్కడా పడకూడదు."

ఆ వారం నాకు రోడ్డు దాటాలంటే భయం వేసింది. సెవెన్ సీటర్ ఆటో ఎక్కడం మానేశాను. ఎవరైనా దగ్గితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరం జరిగేదాన్ని. నాకేమైనా అయితే వాడి గతేమిటన్న ఆలోచన తప్ప బుర్రలో ఇంకొకటి ఉండేది కాదు. బతికి ఉండడం తప్ప నేను చెయ్యగలిగిన పనీ లేదు.

నాకు మత్తిచ్చి, బోర్లా పడుకోబెట్టి, నడుము కింద ఎముకలోంచి సూదులతో మూలుగ తీశారు. మెలకువ వచ్చేసరికి నడుము మీద ఎవరో తన్నినట్టుంది. రెండు చిన్న పట్టీలు, అంతే. నన్ను చక్రాల కుర్చీలో అద్దం దగ్గరికి తీసుకెళ్ళారు. నా మూలుగ సంచీలో వాడి మంచం పక్కన వేలాడుతోంది. చూడటానికి ముదురు రంగు రక్తంలాగే ఉంది. చుక్క చుక్కగా వాడి మెడ దగ్గర పెట్టిన గొట్టంలోకి దిగుతోంది. వాడు నన్ను చూసి బొటనవేలు ఎత్తాడు.

అమ్మకు అది ఆపరేషన్ అనే ఉండింది. "బొక్కలు కొయ్యలేదా?" అంది.

"లేదమ్మా. నరంల నుంచి పోయి బొక్కలల్ల అదే సర్దుకుంటదట."

"దానికి తొవ్వెట్ల తెలుసు?"

నాకు తెలియదన్నాను. తర్వాత డాక్టరును అడిగితే, ఆ సంగతి ఇంకా పూర్తిగా మాకూ తెలియదండి అంది.

*

ఆ తర్వాత ఎదురుచూడటం. రోజూ పొద్దున నర్సు ఒక కాగితం మీద వాడి తెల్లకణాల లెక్క రాసి అద్దానికి లోపలివైపు అతికించేది. ఎన్నో రోజులు అది దాదాపు సున్నా. నోటినిండా పుళ్ళు లేచి ఉమ్మి కూడా మింగలేకపోయేవాడు. జుట్టంతా దిండు మీద రాలిపోయింది. ఫోన్ తీసేవాడు గానీ మాట్లాడేవాడు కాదు. నేను ఊరి ముచ్చట్లు చెప్పేదాన్ని, వాడు ఊపిరితోనే విన్నట్టు తెలిపేవాడు. నాయిన డ్యూటీ దిగి బాలానగర్ నుంచి నేరుగా వచ్చి, ఆ కాగితం చదివి బెంచీ మీద కూర్చునేవాడు.

మూడో వారంలో ఒకరోజు ఆ అంకె పెరిగింది. మర్నాడు ఇంకొంచెం. డాక్టరు నవ్వడం మేము చూసిన మొదటిసారి అదే. "పట్టుకుందండి. మీ మూలుగ అక్కడ నిలబడి పనిచేస్తోంది" అంది నాతో. ఇక మెల్లగా వాడి రక్తం గ్రూపు కూడా నాదే అవుతుందని చెప్పింది. అమ్మ బెంచీ మీదే కూలబడి కళ్ళు మూసుకుంది. నాయిన కిందికి వెళ్ళి అందరికీ చాయ్ తెచ్చాడు.

తమ్ముడు ఫోన్లో, "ఇగ నాకు నీలెక్క కోపమొస్తదా అక్కా" అన్నాడు. గొంతు బొంగురుగా ఉన్నా అది వాడి గొంతే.

పది పన్నెండు రోజులు అలా సంతోషంగా ఉన్నాం.

మొదట అరచేతులు ఎర్రబడ్డాయి. దురద అన్నాడు. డాక్టరు ఆ చేతులను తిప్పి తిప్పి చూడటం నేను అద్దంలోంచి చూశాను. ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా వాడు కాళ్ళకు మేజోళ్ళు వేసుకుని, చేతులు దుప్పటిలో పెట్టుకుని ఉండేవాడు. ఎందుకురా అంటే చలి పెడుతుందనేవాడు. పాదాల దాకా ఎర్రబడి, తోలు ఊడొస్తోందని, ఆ సంగతి అక్కకు మాత్రం చెప్పొద్దన్నాడని ఒక నర్సు నోరుజారి చెబితే తెలిసింది.

నేను డాక్టరు గదికి వెళ్ళి అడిగాను. ఆవిడ దాచలేదు.

"మూలుగతో పాటు దాన్ని కాపలా కాసే కణాలు కూడా వెళతాయండి. బయటివాళ్ళెవరు, మనవాళ్ళెవరు అని చూసుకోవడమే వాటి పని. పరీక్షలో మీ ఇద్దరిదీ కలిసింది నిజమే, కానీ పరీక్షకు దొరకని చిన్న తేడాలు ఉంటాయి. మీ కణాలకు ఆయన ఒళ్ళు పరాయిదిగా కనిపిస్తోంది. చర్మం మీద, పేగుల మీద పడుతున్నాయి. కాలేయం మీదా పడేట్టున్నాయి. కొంచెంగా వస్తే ఒకరకంగా మేలే, మిగిలిపోయిన జబ్బు కణాలను కూడా అవే చంపుతాయి. ఈయనకు ఎక్కువగా వచ్చింది."

"నావేనా మేడం?"

"మీవే. మీరు కాదు."

"తీసేయలేరా?"

"తీయలేమండి. అణచడానికి మందులిస్తున్నాం."

ఆ రెండు మాటలూ, మీవే, మీరు కాదు అన్నవి, ఎన్నిసార్లు తలుచుకున్నానో. మొదటిది నమ్మినంతగా రెండోది ఎప్పుడూ నమ్మలేకపోయాను.

ఈ జబ్బు పేరు ఆఫీసులో నేను ఎన్నోసార్లు కొట్టిందే. గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్, అంటే పెట్టిన మూలుగ పెట్టించుకున్న ఒంటి మీదే తిరగబడటం. టకటకా కొట్టి పక్కకు తిప్పేసిన మాట.

ఇంట్లో అమ్మకు ఇదంతా చెప్పక తప్పలేదు. విని, నా వెనక నుంచి వచ్చి, నడుము మీద సూది గుచ్చిన చోట చెయ్యి పెట్టి మెల్లగా రాసింది. నొప్పి ఎప్పుడో పోయింది, అయినా ఆపమనలేదు నేను.

"నువ్వన్న చెప్పు బిడ్డా వాటికి" అంది. "వాడు మనోడని చెప్పు."

అమ్మ తిట్టడం లేదు, పరాచికం ఆడటం లేదు. నా మాట అవి వింటాయేమోనని నిజంగానే అడిగింది. నేను చెబుతానన్నాను. అద్దం దగ్గర నిలబడి మనసులో చెప్పాను కూడా, రోజూ. సిగ్గుపడాల్సిన సంగతేమీ కాదది.

వాడి కళ్ళు పచ్చబడ్డాయి. విరేచనాలతో మంచం దిగలేకపోయాడు. నా కణాలను అణచడానికి ఇచ్చిన మందులు వాడి ఒంట్లో రోగాన్ని ఆపే శక్తిని కూడా అణిచాయి. ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరింది. ఇటు మందు పెంచితే అటు ఫంగస్ పెరుగుతుంది, ఇటు తగ్గిస్తే అటు నా కణాలు లేస్తాయి. డాక్టరు రోజూ ఏదో ఒకవైపు కొంచెం జరిపి చూసేది. అలసిపోయినట్టు కనిపించేది. నేను ఆమెనేమీ అనలేకపోయాను.

వాడు చివరిసారి ఫోన్లో మాట్లాడింది పని గురించే. "మూడో ఫ్లోర్ల లిఫ్టు పక్కన ప్యానెల్ బోర్డుంది. రెండు స్విచ్చులకు లేబుళ్ళు అటుదిటు అతికిచ్చినక్కా. ఎవరికన్న షాక్ తగుల్తది. మేస్త్రీకి చెప్పవా?"

"చెప్త" అన్నాను. "నువ్వే వచ్చి చెప్పొచ్చు" అని కూడా అన్నాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వాడు పోయాడు. అప్పుడు మమ్మల్ని లోపలికి రానిచ్చారు. ఇన్ని వారాల తర్వాత అమ్మ వాడిని ముట్టుకోవడం అదే మొదలు. వాడి పాదాలకు మేజోళ్ళు అలాగే ఉన్నాయి. అమ్మ వాటిని తీయబోతే నాయిన చెయ్యి పట్టుకుని ఆపాడు.

దినాలయ్యాక నేను ఆ భవనానికి వెళ్ళాను. అప్పటికి కింది అంతస్తుల్లో ఆఫీసులు తెరిచారు. గేటు దగ్గర నా పేరు రాసుకుని పంపారు. మేస్త్రీని వెతికి పట్టుకుని లేబుళ్ళ సంగతి చెప్పాను. "అది ఎన్నడో సరిజేసినం చెల్లె" అన్నాడు. నీళ్ళు తాగిపొమ్మన్నాడు. తాగి వచ్చేశాను.

*

ఉద్యోగం మానలేదు. ఆ అమెరికా డాక్టరు రికార్డింగులే మళ్ళీ ఇస్తే చేస్తావా అని మా సూపర్‌వైజరు అడిగింది. చేస్తానన్నాను.

ఏడాది దాటాక ఒకరోజు ఆ గొంతులో ఒక రోగి గురించి విన్నాను. మా వాడి జబ్బే. కొత్తగా పరీక్షిస్తున్న మందు వాడుతున్నాడట. రోజూ నోటితో వేసుకునేదే. కొన్ని వారాల్లోనే రక్తం మామూలైందట, ప్లీహం చేతికి తగలడం లేదట. ఇప్పట్లో ట్రాన్స్‌ప్లాంట్ ఆలోచన లేదన్నాడు. ఆ మందుకు ఇంకా పేరు కూడా పెట్టలేదు, అక్షరాలూ అంకెలూ కలిపి చెప్పాడు. పెడలు మీంచి కాలు తీశాను. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. చెప్పింది చెప్పినట్టు కొట్టి పంపించాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కొన్నేళ్ళకు ఆ మందు మన దేశంలోకీ వచ్చింది. మా వీధిలో ఆటో నడిపే ఒకాయనకు అదే జబ్బు వస్తే, మందు వేసుకుంటూ మళ్ళీ ఆటో తోలుకుంటున్నాడని అమ్మకు ఎవరో చెప్పారు. ఆ రోజు నేను ఇంటికొచ్చేసరికి అమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"గా మందు గప్పుడు లేకుండెనా?" అంది.

"లేకుండె అమ్మా."

నాలుగు కాయలు తుంచింది. తలెత్తకుండానే, "మనం ఆ ఆపరేషన్ చేయించకుంట, గోలీలేసుకుంట ఆగితే అందునా వానికి?" అని అడిగింది.

మాత్రలతో మూడు నాలుగేళ్ళు అంది డాక్టరు. ఎన్నిసార్లు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నానో. అందేది. చాలావరకు అందేది.

"తెల్వదమ్మా" అన్నాను.

అమ్మ చేట నా వైపు జరిపింది. నేనూ కూర్చుని కాయలు తుంచాను.